గ్రహశకలం కనిపించింది సరే, పేరు పెట్టేదెప్పుడు?

హైదరాబాద్ విద్యార్థులు గ్రహశకలాన్ని 'కనిపెట్టేశారు' అని అప్పుడప్పుడూ వార్తలొస్తుంటాయి. దానికి వాళ్లే పేరు పెడతారని చివర్లో ఓ ముక్క తగిలిస్తారు. పిల్లల కష్టం నిజమే, తొందరంతా మన రాతల్లోనే ఉంది.

ఇంతకీ వాళ్లు చేసేదేమిటి? హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోప్ ఆకాశంలో ఒకే చోటును కొన్ని నిమిషాల తేడాతో తీసిన ఫొటోలు వాళ్ల కంప్యూటర్‌కి వస్తాయి. వాటిని ఒకదాని వెంట ఒకటి తిప్పి చూస్తే నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఎక్కడో ఒక మసక చుక్క మాత్రం ఫొటో ఫొటోకీ కాస్త జరుగుతుంది. అది శకలమా, కెమెరా లోపమా అన్నది తేల్చుకోవడమే అసలు టెన్షన్. ఇది ప్రాథమిక గుర్తింపు మాత్రమే. ఆ చుక్క వేరే రాత్రుల్లోనూ కనిపించాలి, కక్ష్య పక్కాగా తేలాలి. అప్పుడుగానీ శాశ్వత సంఖ్య ఇవ్వరు. ఏడో తరగతిలో చూసిన చుక్కకి ఇంజినీరింగ్‌లో ఉండగా నంబరొచ్చినా ఆశ్చర్యం లేదు.

పేరు ప్రతిపాదించే హక్కు ఆ తర్వాతి మాట. ఇంగ్లిష్‌లో 16 అక్షరాలు దాటకూడదు. రాజకీయ నాయకుడి పేరైతే ఆయన పోయి వందేళ్లు గడవాలి. ఈ షరతే లేకపోతే, మన ఫ్లెక్సీల ఊపుకి అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న శకలాలన్నీ చాలేవా!

తమిళనాడులోని కావలూరులో ఆర్. రాజమోహన్ 1988 ఫిబ్రవరి 17న గుర్తించిన శకలానికి మొదట దక్కింది '1988 డీక్యూ1' అన్న కోడ్. అందులో 'డీ' ఫిబ్రవరి రెండో సగానికి గుర్తు. 4130 అనే సంఖ్య, 'రామానుజన్' అనే పేరు తర్వాత వచ్చినవే. అంతకుముందు 1861లో మద్రాసు నుంచి ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ ఒకటి పట్టుకుని 'ఏషియా' అన్నాడు. ఆసియా నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం అదే. గ్రీకు పురాణాల్లోనూ ఆ పేరుతో ఒక దేవత ఉంది.

కావలూరు అబ్జర్వేటరీకి ఖగోళ శాస్త్రవేత్త వైనూ బప్పు పేరు పెట్టారు. ఆయన పెరిగింది హైదరాబాద్‌లో, చదివింది నిజాం కాలేజీలో. తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. 2596వ శకలానికీ బప్పు పేరే ఉంది, దాన్ని కనుగొన్నది మాత్రం వేరొకరు. ఇలాంటి వారసత్వమున్న ఊళ్లో పిల్లల సర్టిఫికెట్‌తో ఆగిపోవడం నాకు నచ్చదు. ఇవాళ ఫొటో వేసిన పత్రికలు నాలుగేళ్ల తర్వాత ఆ శకలానికి నంబరొచ్చిందో లేదో కనుక్కుని, ఆ సంగతీ అంతే పెద్దగా రాయాలి.