సూర్యాస్తమయం చూపించారు, ఉదయం పదిన్నరకు

మహారాజశ్రీ ఒంటిపూట ప్రైవేటు పర్యటన గారి సముఖమునకు, ముప్ఫయ్యో పెళ్ళిరోజు దంపతులలో ఒకడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మేము క్షేమంగా హైదరాబాదు చేరాము. డబ్బు ముందుగానే పుచ్చుకున్నారు కనుక మీరూ క్షేమంగానే ఉండి ఉంటారు.

మమ్మల్ని మీరు గుర్తుపట్టకపోవచ్చు. సెప్టెంబరు చివరి వారంలో, గ్రీసు దేశపు సాంటోరిని దీవిలో, కమారి అనే ఊరి హోటలు ముందు, మీరు తొమ్మిదికి వస్తానంటే ఎనిమిదిన్నరకే టోపీలు పెట్టుకుని నిలబడ్డ ఇద్దరం. రైలుకు గంట ముందు స్టేషనులో ఉండే జాతి మాది. మిమ్మల్ని మా అమ్మాయి పెళ్ళిరోజు కానుకగా కొనిపెట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం తనది. "గుంపులో తోసుకోనక్కర్లేదు నాన్నా, అంతా మీ ఇద్దరికే. ప్రైవేటు" అంది.

ఆ మాట దగ్గరే నాకు అనుమానం రావలసింది. మా చిన్నప్పుడు ప్రైవేటు అంటే లెక్కల మాస్టారి ఇంటి అరుగు. బడిలో నలభైమందికి చెప్పిన బీజగణితాన్నే సాయంత్రం ఆ నలభైమందిలో ముప్ఫైమందికి, విడిగా డబ్బు పుచ్చుకుని, ఆ అరుగు మీద మళ్ళీ చెప్పేవారు. "మావాడు ప్రైవేటుకు వెళ్తున్నాడు" అని మా నాన్నగారు వీధిలో గొప్పగా చెప్పుకునేవారు. ఇన్నేళ్ళ తరవాత ఏజియన్ సముద్రం మధ్య అదే అరుగెక్కి కూర్చుంటానని నేననుకోలేదు.

ఒక్క విషయంలో మీరు మాట తప్పలేదని ముందే ఒప్పుకుంటాను. వ్యాను మాత్రం నిజంగా ప్రైవేటే. ఏడుగురు పట్టే నల్లటి బండి, రెండు చల్లని నీళ్ళ సీసాలు, తోలు సీట్లు, మేమిద్దరం. తలుపు తెరిచి కాలు కింద పెట్టగానే ప్రైవేటు అయిపోయింది.

మొదటి మజిలీ ఇయా అనే ఊరు. ప్రపంచంలోని గోడ క్యాలెండర్లన్నీ ఎక్కిన నీలి గుమ్మటాలు అక్కడివే. ఒకటి కాదు, రెండు చర్చిలవి, పక్కపక్కనే ఉంటాయి: అనస్తాసీ, అయియోస్ స్పిరిదోన్. వాటిని క్యాలెండర్లో ఉన్నట్టే ఫోటో తీయాలంటే ఒక సందు మలుపులో, మెట్ల పక్కన, మనిషి వెడల్పు ఉన్న చోటులో నిలబడాలి. అక్కడ వరస ఉంది. మా ముందు పదకొండు జంటలు. ప్రతి జంట వెనకా ఒక డ్రైవరు, ప్రతి డ్రైవరు చేతిలో బండి తాళాలు. వాళ్ళంతా ఒకరినొకరు పేరు పెట్టి పలకరించుకుంటున్నారు. పదకొండు ప్రైవేటు పర్యటనలు ఒకే వరసలో నిలబడితే దాన్ని గ్రీకులో ఏమంటారో మీకే తెలియాలి. మా వైపు క్యూ అంటారు. తిరుమలలో అయితే మూడువందల రూపాయల టికెట్టుకు కూర్చోవడానికి బెంచీ కూడా ఇస్తారు.

వరసకు పక్కన, అద్దెకు తెచ్చిన ఎర్ర గౌనులో ఒక అమ్మాయి. ఆ గౌనుకు పది గజాల తోక. ఒకతను ఆ తోకను గాలిలోకి విసిరి, ఫోటోలో పడకుండా గోడ చాటుకు పరుగెత్తుతున్నాడు, మళ్ళీ వచ్చి మళ్ళీ విసురుతున్నాడు. మా ఆవిడ కొంగును ఏజియన్ గాలి ఉచితంగా విసిరింది. ఫోటో మాత్రం రాలేదు, కొంగు నా ముఖం మీద పడింది కనుక.

ఇక సూర్యాస్తమయం. మీ కార్యక్రమ పత్రంలో మూడో అంశం "జగత్ప్రసిద్ధ సూర్యాస్తమయ స్థలం". మీరేమో పొద్దుటి పూట పర్యటన. ఈ రెండూ ఎలా కలుస్తాయో అని కుతూహలంగా ఎదురుచూశాను. ఊరి చివర శిథిలమైన పాత కోట దగ్గరికి తీసుకెళ్ళారు. సరిగ్గా పదిన్నర. డ్రైవరు పడమటి వైపు చేయి చాపి "సూర్యుడు అక్కడ మునుగుతాడు" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆ సూర్యుడు తూర్పున ఉన్నాడు, పైగా పైకి వెళ్తున్నాడు. మేమిద్దరం కాసేపు అటూ ఇటూ చూశాము. పెళ్ళికొడుకు విడిదిలో దిగకముందే తలంబ్రాల పళ్ళెం చూపించి, భోజనాలు పెట్టకుండా పంపించేసినట్టు అనిపించింది. సూర్యుడు నిజంగా మునగడం కావాలంటే మీ చెల్లెలుగారు, సాయంత్రపు పర్యటన ఉన్నారట. ఆవిడ రుసుము వేరే.

దిగువన కాల్డెరాలో మూడు ఓడలు నిలబడి ఉన్నాయి. కాల్డెరా అంటే అగ్నిపర్వతం పేలి, కూలి, సముద్రం లోపలికి వచ్చి నిండిన మహా గుంట. దీవిలో ఉండేది పదిహేను వేల పైచిలుకు జనం. 2023లో వచ్చిపోయినవాళ్ళు సుమారు 34 లక్షలు. ఓడల్లో దిగేవాళ్ళు రోజుకు ఎనిమిది వేలు దాటకూడదని ఇప్పుడు హద్దు పెట్టారు, 2025 జులై నుంచి రద్దీ నెలల్లో తలకు ఇరవై యూరోల సుంకం కూడా వేస్తున్నారు. కింది పాత రేవు నుంచి దీవి ముఖ్యపట్టణం ఫిరాకు మెట్లెక్కించే గాడిదలకూ చట్టం ఉంది. 2018 నుంచి వంద కిలోలకు మించి, లేదా గాడిద బరువులో అయిదో వంతుకు మించి మోయించకూడదు. ఒక్క పూటలో ఒక దంపతుల మీద ఎన్ని చూడదగ్గ స్థలాలు మోపవచ్చో మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు. మీరు మాకు తొమ్మిది మోపారు.

కొండ అంచున తొలిచిన గుహ ఇళ్ళను మీ పత్రం "సంప్రదాయ విలాసం" అంది. ఇక్కడ మీతో నాకు నిజమైన పేచీ. ఆ గుహల్లో ఉన్నది పేద నావికులు. దూలానికి కలప దొరకని దీవి ఇది. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన మట్టిని తొలుచుకుంటే దూలంతో పనే లేదు. డబ్బున్న ఓడ కప్తాన్లు పైన మేడలు కట్టుకున్నారు. ఆ బూడిదమట్టి సున్నంతో కలిస్తే నీళ్ళలో కూడా రాయిలా బిగుసుకుంటుందని సూయజ్ కాలువ పనులకు ఓడలకెత్తుకుని పోయారు. 1956 జులై 9న పెద్ద భూకంపం వచ్చింది. యాభైమందికి పైగా పోయారు. ఇళ్ళు కూలాయి, జనం ఏథెన్స్ దారి పట్టారు. ఆ పడిపోయిన గుహల్లోనే ఇప్పుడు సముద్రం కనిపించేట్టు స్నానపు తొట్లు పెట్టారు. మా డ్రైవరు తాతగారిదీ ఇయాలో అలాంటి గుహేనట, అప్పట్లో వచ్చినకాడికి అమ్ముకున్నారట. "అందులో ఒక రాత్రి పడుకోవాలంటే నా అరనెల జీతం" అన్నాడు అతను. ఈ మాట మీ పత్రంలో లేదు. అతను అద్దంలో మమ్మల్ని చూస్తూ తనంతట తానే అన్నాడు.

ఆ తరవాత ఇమెరోవిగ్లీ, ఫిరోస్తెఫానీ, ఫిరా వచ్చాయి. వచ్చాయి అంటే కిటికీలోంచి వెళ్ళిపోయాయి. పిర్గోస్‌లో ఇరవై నిమిషాలు. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, నేను ఆ ఇరవై నిమిషాలూ మరుగుదొడ్డి వెతికాను.

ద్రాక్షతోట మాత్రం బాగుంది, అబద్ధమెందుకు. పందిళ్ళు లేవు. తీగను నేల మీదనే గుండ్రంగా చుట్టి చుట్టి బుట్టలా అల్లుతారు. 'కులూరా' అంటారట. మా ఆవిడ వంగి చూసి "చుట్టకుదురు" అంది. నీళ్ళ బిందె కింద తల మీద పెట్టుకునే ఆ గడ్డి చుట్ట, అచ్చంగా అదే. విసురు గాలికీ ఎండకూ చిక్కకుండా గుత్తులు ఆ కుదురు లోపల దాక్కుంటాయి. వానలు అంతంతమాత్రం, సముద్రం మీది మంచు తేమే తీగకు దిక్కు. ఐరోపా తోటల్ని నాశనం చేసిన వేరుపురుగు ఈ బూడిదనేలలో బతకలేక పోయింది. ఆ అసీర్తికో ద్రాక్షసారాయాన్ని నేను రెండు గుక్కలు రుచి చూశాను. మూడో గుక్కకు వేళ మించిపోయిందన్నారు.

సారాయంతో పాటు చిన్న పళ్ళెంలో పసుపుపచ్చటి ముద్ద వచ్చింది. పేరు ఫావా. ఒక స్పూను నోట్లో పెట్టుకుని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ముద్దపప్పు! నెయ్యి బదులు ఆలివ్ నూనె, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. గింజ కూడా మన కేసరిపప్పుకు దాయాదే. ఆ దీవిలో మూడున్నర వేల ఏళ్ళ నుంచీ పండుతోందట, అక్రోతిరి అనే పురాతన పట్టణపు తవ్వకాల్లోనూ గింజలు దొరికాయి. ఇంతదూరం వచ్చి ముద్దపప్పును కొసరి కొసరి తిన్న మమ్మల్ని చూసి మీ పత్రం దాన్ని "అరుదైన అనుభవం" అన్నందుకు నాకు కోపం రాలేదు. అన్నం ఉంటే ఇంకా అరుదుగా ఉండేది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. అక్రోతిరి. ఈ దీవిలో ఒక్కటే చూడనిస్తామంటే నేను అడిగేది అది. సుమారు 3600 ఏళ్ళ క్రితం అగ్నిపర్వతం బద్దలై బూడిద కింద మునిగిపోయిన పట్టణం. పురావస్తు శాస్త్రవేత్త స్పిరిదోన్ మరినాటోస్ 1967లో తవ్వకం మొదలుపెట్టి, 1974లో ఆ తవ్వకాల చోటే ప్రాణం వదిలారు. మీ పత్రంలో అది ఎనిమిదో అంశం, చిన్న అక్షరాల్లో: "కావాలంటే". ప్రవేశ టికెట్టు వేరు. లైటుహౌసు వదులుకుంటే నలభై నిమిషాలు ఇస్తామన్నారు. వదులుకున్నాము. తీరా గేటు దగ్గర డ్రైవరు ఆగిపోయాడు. ఆ దేశంలో తవ్వకాల స్థలాల్లో వివరించి చెప్పాలంటే లైసెన్సు ఉన్న గైడే కావాలి, అతనికి బండి లైసెన్సే ఉంది. చట్టం న్యాయమైనదే. కానీ "గైడుతో కూడిన పర్యటన" అని పేరు పెట్టుకుని, వివరం కావలసిన ఏకైక చోట గేటు బయట ఉండిపోవడం, మగపెళ్ళివారిని పిలిచి పురోహితుణ్ణి మరిచిపోవడం లాంటిది.

అందుకని లోపల మేము ఒక పని చేశాము. పెద్ద బస్సులో వచ్చిన ముప్ఫైమంది గుంపుకు ఒక గైడమ్మ ఉంది. ఆవిడ ఆగిన చోటల్లా మేము రెండడుగుల దూరంలో, ఏదో గోడను పరిశీలిస్తున్నట్టు నిలబడి విన్నాము. మా మాస్టారి ప్రైవేటుకు డబ్బు కట్టలేని పిల్లలిద్దరు ఇలాగే ప్రహరీ గోడ పక్కన నిలబడి వినేవారు. ఇద్దరూ లెక్కల్లో నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.

గోడ పక్క నుంచి తెలిసిందేమిటంటే: ఇక్కడ ఒక్క శవమూ దొరకలేదు. ముందు భూకంపాలు వచ్చాయి. జనం విలువైనవి మూటగట్టుకుని వెళ్ళిపోయారు. కొందరు తిరిగి వచ్చి శిథిలాలు ఎత్తడం మొదలుపెట్టారు కూడా, బయటికి తీసి ఒకదాని మీద ఒకటి పెట్టిన మంచాల అచ్చులు ఇంకా ఉన్నాయి. అంతలో బూడిద కురిసింది. వెళ్ళినవాళ్ళు ఏ తీరం చేరారో ఎవరికీ తెలియదు. ఒక ఇంట్లో మేడ మీద మరుగుదొడ్డి ఉంది, గోడలోంచి గొట్టం కిందికి దిగి వీధి కాలువలో కలుస్తుంది. పిర్గోస్‌లో నా ఇరవై నిమిషాలను తలుచుకుని దానికి నమస్కారం పెట్టాను. "గోడల మీది బొమ్మలు చాలామటుకు ఏథెన్స్‌లో ఉన్నాయి, నీలం కోతులు మాత్రం ఫిరా మ్యూజియంలో ఉన్నాయి" అంటూ గైడమ్మ ముందుకు సాగింది. మా నలభై నిమిషాలు అయిపోయాయి.

తిరుగుదారిలో ఎర్ర బీచిని దూరం నుంచి చూపించారు, రాళ్ళు పడతాయన్న హెచ్చరిక బోర్డు దగ్గర నుంచి. డ్రైవరును అడిగాను, ఇప్పటికీ భూమి కదులుతుందా అని. 2025 ఫిబ్రవరి సంగతి చెప్పాడు. వందలకొద్దీ ప్రకంపనలు, బడులు మూసేశారు, వేలమంది ఓడలూ విమానాలూ ఎక్కి వెళ్ళిపోయారు. ఇతను ఉండిపోయాడట. "పొద్దున్నే ఇయాకు వెళ్ళాను. ఆ ఫోటో మలుపులో ఎవరూ లేరు. నేనూ, రెండు పిల్లులూ" అన్నాడు. మరి ఫోటో తీసుకున్నావా అని మా ఆవిడ అడిగింది. "లేదు మేడమ్, కాళ్ళ కింద వణుకుతోంది కదా" అన్నాడు.

ఒంటిగంటన్నరకు మమ్మల్ని హోటలు ముందు దించారు. సరిగ్గా మీరు చెప్పిన వేళకే, ఆ మాటా ఒప్పుకోవాలి. ఒంటిపూట బడి వదిలాక పిల్లలకు మిగిలేంత మధ్యాహ్నం మాకూ మిగిలింది. వీధి చివర బస్సెక్కాము. ప్రైవేటు కాదు, నిలబడే వెళ్ళాము. ఫిరాలో దిగిన చోటికి నాలుగడుగుల దూరంలోనే మ్యూజియం. పొద్దున మీరు దాని ముందు నుంచే మమ్మల్ని తీసుకెళ్ళారు.

కోతులు ఒక గోడ నిండా ఉన్నాయి. నీలంగా, రాళ్ళ మీదికి ఎగబాకుతూ, తోకలు పైకెత్తి. ఆ తోక పట్టే తీరు చూసి అవి మన దేశపు కొండముచ్చులని ఈమధ్య కొందరు పరిశోధకులు వాదించారు. ఎవరో చూసినవాళ్ళు చెబితే, ఆ చెప్పుడు మాట సింధు తీరం నుంచి చేతులు మారి మారి ఇక్కడి చిత్రకారుడిదాకా వచ్చి ఉండవచ్చునట. మా ఆవిడకు ఏ వాదనా అక్కర్లేకపోయింది. "మా అమ్మమ్మగారి పెంకుటింటి మీద ఇలాగే కూర్చునేది, వడియాలు ఎత్తుకుపోయేది" అని, ఒక్కో కోతినీ పరీక్షగా చూడడం మొదలుపెట్టింది.

గదిలో మేమిద్దరం. మూల కుర్చీలో కాపలా మనిషి, ఆవిడ కూడా కళ్ళు మూసుకుని ఉంది. వెనక వరస లేదు, గడియారం చూసేవాళ్ళు లేరు. మూసే వేళ అయిందని ఆవిడ లేచి చెప్పేదాకా అక్కడే ఉన్నాము.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క.: మా అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తామని మీరు రోజుకొకసారి ఫోనుకు సందేశం పంపుతున్నారు. అయిదు ఇచ్చాను. అవి డ్రైవరువి. మీ ఖాతాలో వేసుకోవద్దు.