సినిమాకు ముందు కథకు జీతమివ్వండి

డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డిని మనలో యాభై దాటినవాళ్లంతా తెరమీద చూసే ఉంటారు. నల్గొండ జిల్లా తుంగతుర్తిలో పుట్టి, ఉస్మానియాలో వైద్యం చదివి, నటుడయ్యారు. జయప్రదకు ఆ పేరు పెట్టింది ఆయనేనన్న సంగతి సినిమా కబుర్లలో ఎప్పుడూ వినబడుతుంది. ఆయన కథా రచయిత అన్న సంగతి మాత్రం అంతగా వినబడదు. 1972లో వచ్చిన 'పండంటి కాపురం' కథలో ఆయన చెయ్యి ఉంది. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దానికే వచ్చింది. 1979 నాటి 'కార్తీకదీపం' కథ కూడా ఆయనదే. హైదరాబాదులో సినీ కార్మికుల చిత్రపురి కాలనీకి ఈయన పేరే పెట్టారు.

అదే ఉమ్మడి నల్గొండ జిల్లాలో, కోదాడ దగ్గర గుడిబండలో కాంతారావు పుట్టారు. కత్తి పట్టిన కథానాయకుడిగా ఒక తరాన్ని ఊపేసిన మనిషి. నటుడిగా సంపాదించింది నిర్మాతగా పోగొట్టుకున్నారు, సొంత ఆస్తి కూడా కరిగిపోయింది. ఆయన సినిమాలు ఎందుకు ఆడలేదో ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం. అయితే ఆయన జీవితం ఒక విషయం స్పష్టంగా చెబుతుంది. సొంత డబ్బుతో సినిమా తీసేవాడికి వెనక ఎవరూ ఉండరు. పెద్ద సంస్థకు ఒక సినిమా పోతే మరో సినిమా ఆదుకుంటుంది. ఒంటరి నిర్మాతకు ఒకటి పోతే పొలం పోతుంది.

ఈ ఇద్దరినీ తలుచుకోవడానికి కారణం అమెరికాలోని మన సంఘంలో ఈమధ్య వినబడుతున్న మాట: "మన ప్రాంతం మీద ఒక మంచి సినిమా తీద్దాం, తలా కొంత వేసుకుందాం." ఉద్దేశం మంచిదే. కాని వేసుకునే కొంత ఎక్కడికి పోతుందో తెలిసి వేసుకోవాలి. షూటింగుకు పోతే అది కాంతారావు గారి దారి. కథకు పోవాలని నా వాదన.

షూటింగు మొదలయ్యాక ఒంటరి నిర్మాత చేతిలో ఉండేది చాలా తక్కువ. రోజు గడిస్తే కెమెరా అద్దె, బత్తాలు, భోజనాలు, బండ్లు అన్నీ లెక్క కడుతూనే ఉంటాయి. సినిమా పూర్తయ్యాక నైజాంలో చిన్న సినిమాకు థియేటర్ చాలాసార్లు అద్దె పద్ధతిలోనే దొరుకుతుంది. ఖాళీ కుర్చీలకు కూడా నిర్మాతే డబ్బు కట్టాలి. ప్రింటు రీళ్లు పోయి డిజిటల్ వచ్చినప్పుడు ఖర్చు తగ్గుతుందన్నారు. ఇప్పుడు తెరమీద బొమ్మ పడినందుకు డిజిటల్ ప్రదర్శన కంపెనీలకు రుసుము కట్టాలి. శుక్ర, శనివారాల్లో జనం రాకపోతే సోమవారానికి ఆటలు తగ్గుతాయి. థియేటర్లలో ఏమైందో చూశాకే ధర చెబుతామని ఓటీటీవాళ్లు కూర్చుంటారు. ఇందులో ఏ ఒక్కదాన్నీ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని మనం మార్చలేం. పైగా పెద్ద హీరో ప్రీమియర్‌కు మామూలు ధర కంటే ఎక్కువ పెట్టి టికెట్టు కొనే మనమే చిన్న సినిమాకు "ఓటీటీలో వస్తుందిలే" అంటాం.

నిర్మాత చేతిలో పూర్తిగా ఉండేది షూటింగుకు ముందు గడిచే కాలం ఒక్కటే. అప్పుడు ఖర్చు తక్కువ, తప్పు చేస్తే చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు. స్వతంత్రంగా నిలబడ్డవాళ్ల పని చూస్తే ఎక్కువమంది రచన దగ్గర కూడా కూర్చున్నవాళ్లే. 'మా భూమి'కి బి. నర్సింగరావు నిర్మాత, రచనలోనూ భాగస్వామి. తెలంగాణ రైతాంగ పోరాటం మీద కృషన్ చందర్ రాసిన ఉర్దూ నవల దొరికింది, గౌతం ఘోష్ అనే బెంగాలీ యువకుడు దర్శకుడిగా దొరికాడు. అతనికి అది మొదటి కథాచిత్రం. పేరున్న దర్శకుడి కోసం ఆగి ఉంటే ఆ సినిమా వచ్చేదా అన్నది నా అనుమానం. తర్వాత నర్సింగరావే రాసి తీసిన 'దాసి'కి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. వాటిలో దుస్తుల రూపకల్పన అవార్డు మిర్యాలగూడకు చెందిన పిట్టంపల్లి సుదర్శన్‌ది. ఊళ్లో ఆయన పేరే దాసి సుదర్శన్ అయిపోయింది. దొర గడీలో దాసి ఏ రంగు చీర ఎలా కడుతుందో తెలిసిన మనిషి మిర్యాలగూడలోనే ఉండేవాడు. ఆయన్ను వెతికి తెచ్చుకోవడం కూడా షూటింగుకు ముందు జరిగే పనే.

మన కాలానికి వస్తే, అమెరికాలో ఉద్యోగం చేసిన రాజ్ రాచకొండ 2019లో 'మల్లేశం' తీశారు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టి, ఆసు పోసి పోసి (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని) తల్లి భుజాలు పడిపోవడం చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ అది. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ సంగతి తెలియనివాడు ఆ సినిమా రాయలేడు, తెలుసుకోవడానికి నెలలు పడుతుంది. ఇక్కడే గుండె వైద్యురాలిగా పనిచేసే పరుచూరి ప్రవీణ 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మించినప్పుడు కూడా ఆ ఊరివాళ్లే ఎక్కువగా నటించారు. రెండు సినిమాలనూ విడుదల సమయంలో పెద్ద సంస్థే సమర్పించింది. అది వాటి గౌరవాన్నేమీ తగ్గించదు. చేతిలో గట్టి సరుకు ఉంటే పెద్దవాళ్లు తర్వాతైనా వస్తారని దానర్థం.

రాయాల్సిన కథలు మన దక్షిణ తెలంగాణలో ఎన్ని ఉన్నాయి! శ్రీశైలం నీళ్లు నిండితే కృష్ణ, తుంగభద్ర కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడికి కొత్త చోటు దొరికింది. కొల్లాపూర్ వైపు మునిగిన ఊళ్ల మనుషులకు ఏం దొరికింది? దేశంలో పాలమూరు కూలి చెయ్యి పడని ఆనకట్ట లేదంటారు. ఆ చేతులవాళ్లు ఎక్కిన ముంబయి బస్సులో ఒక రాత్రి ప్రయాణమే ఒక సినిమా. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంకరపోయిన ఎముకల గురించి వార్తలు వచ్చినంతగా కథలు రాలేదు. భాష మాటకొస్తే, దేవరకొండ మాట గద్వాలలో వినబడదు, నారాయణపేటలో కన్నడం కలుస్తుంది. హైదరాబాదులో కూర్చుని రాస్తే అన్నీ కలిసి హాస్యనటుడి యాస అవుతాయి, అంతే.

కాబట్టి రచయిత అక్కడికి వెళ్లి ఉండాలి. ఉండాలంటే తిండి, ఇంటి అద్దె, బస్సు చార్జీలు కావాలి. మన పరిశ్రమలో రచయితకు అడ్వాన్సు అంటే పంచెలో కట్టుకునేంత కూడా ఉండదు, మిగతాది "సినిమా మొదలయ్యాక చూద్దాం". మహాసభలకు ఒక తారను బిజినెస్ క్లాసులో రప్పించి, హోటల్లో దించి, సన్మానించి పంపే ఖర్చుతో మహబూబ్‌నగర్‌లో ఒక రచయిత ఇల్లు ఏడాది గడుస్తుంది. ఏటా ఒకరిద్దరికి ఆ ఏడాది ఇవ్వమంటున్నాను. ఎంపిక చేసేవాళ్లలో సినిమా రాసి తీసినవాళ్లు ఉండాలి, కార్యవర్గ సభ్యుల బావమరుదులు దరఖాస్తు పెట్టకూడదు. (నవ్వకండి, ముందు వచ్చేవి అవే.)

రాసినవన్నీ సినిమాలు అవుతాయా? కావు. మూడింట ఒకటి నిలబడినా నాకు ఆశ్చర్యమే. మిగతావాటిని నష్టం అనుకునేవాళ్లు విత్తనం కొనకుండా పంట కొనాలనుకునేవాళ్లు.

ఒప్పందం గురించి మాత్రం ఇప్పుడే పట్టుబట్టాలి. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, థియేటర్ ప్రదర్శనకు బయట జరిగే వాడకం మీద రచయితకు రాయల్టీ హక్కు ఉంది. రచయిత దాన్ని వదులుకుంటున్నట్టు సంతకం చేసినా చెల్లదు. అయినా అలాంటి సంతకాలు పెట్టిస్తూనే ఉన్నారు. మన కాగితంలో ఆ హక్కు తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా ఉండాలి. రెండేళ్లలో షూటింగు మొదలుకాకపోతే కథ రచయితకే తిరిగి వెళ్లాలి, ఇచ్చిన జీతం వెనక్కి అడగకూడదు. కృతజ్ఞతల జాబితాలో తప్ప మరెక్కడా మన పేర్లు వేయమని అడగకూడదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. మహాసభల అతిథుల ఖర్చు పట్టిక కూడా ఆ రోజే బల్లమీదకు తెమ్మని కోశాధికారిని కోరుతున్నాను.