కెమెరా లేనంత మాత్రాన ఫోటో కాకుండా పోదు

ఫోటోగ్రఫీ నేర్చుకునేవాళ్ల మధ్య ఈమధ్య ఒక మాట తెగ తిరుగుతోంది. ‘కాగితం మీద ఆకులూ ఈకలూ పరిచి, కెమెరా లేకుండా చేసేవి అసలు ఫోటోలే కావు. వాటికి నైపుణ్యం అక్కర్లేదు, అంతా అదృష్టం. వాటిలో వాస్తవం ఉండదు, ఉన్నదంతా అలంకారం. ఈ కాలపు విద్యార్థి వాటి మీద పెట్టే ప్రతి గంటా వృథా.’ చాలామంది తలూపి మరో నలుగురికి పంపుతున్నారు. డార్క్‌రూమ్ అనే చీకటి గదిలో ఫోటోగ్రామ్‌లు (వస్తువుని నేరుగా ఫోటో కాగితం మీద పెట్టి వెలుగుతో ముద్రించే నీడబొమ్మలు), ఎండలో సయనోటైప్‌లు (అలాగే నీలం రంగులో తేలే బొమ్మలు) చేస్తూ, వాటి చరిత్ర చదువుకుంటున్న విద్యార్థిగా నేను దీన్ని ఒప్పుకోలేను. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

అవి ఫోటోలు కావన్నది మొదటి మాట. తెలుగులో ఫోటోని ఛాయాచిత్రం అంటాం. ఛాయ అంటే నీడ. ఆ పదంలో కెమెరా ఊసే లేదు. గ్రీకు మూలాన్ని విడదీసినా దొరికేవి వెలుగు, రాత అనే రెండే. వెలుగు తగిలితే మారే పూత ఒకటి, దాని మీద పడే వెలుగూ నీడా ఉంటే చాలు, ఛాయాచిత్రం పుడుతుంది. చరిత్ర కూడా అలాగే నడిచింది. 1802లో థామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ ప్రకటించిన ప్రయోగాల్లో ఆకులు, పురుగుల రెక్కలు వెండి లవణం పూసిన కాగితం మీద తమ నీడల్ని వదిలాయి. ఆ నీడల్ని నిలబెట్టడం మాత్రం వాళ్లకి చేతకాలేదు, వెలుగులో పెడితే కాగితమంతా నల్లబడిపోయేది. ఆ తర్వాత ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బోట్ ఆకుల్నీ లేసునీ అలాగే ముద్రించాడు. 1835లో తన ఇంటి కిటికీని కెమెరాతో పట్టిందీ ఆయనే. రెండు పనులూ ఒకే మనిషి చేతిలో, ఒకే రకం కాగితం మీద జరిగాయి. అందులో ఒకదాన్నే ఫోటో అనడానికి నాకు ఆధారం దొరకలేదు.

నైపుణ్యం అక్కర్లేదన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. అన్నవాళ్లు ఒక్కసారైనా చేసి చూడలేదని అది వినగానే తెలిసిపోతుంది. మా ఉపాధ్యాయురాలు ఒకసారి ఒకే ఈకను మూడు కాగితాల మీద ఒకేలా ముద్రించి తెమ్మన్నారు. తేలికే అనుకున్నాను. ఎర్రదీపం వెలుగులో కాగితం పరిచి, ఈక పెట్టి, ఎన్లార్జర్ (పైనుంచి లెన్స్ గుండా కాగితం మీదికి వెలుగు పంపే పరికరం) దీపం ఆరు సెకన్లు వెలిగించాను. బొమ్మను తేల్చే డెవలపర్ ద్రావణంలో నేపథ్యం చక్కటి నలుపు తేలింది. ఈక మాత్రం కత్తిరించి అతికించిన తెల్ల ముక్కలా ఉంది, ఒక్క పోగైనా కనబడలేదు. పన్నెండు సెకన్లకి పెంచాక పోగులు బూడిద రంగులో ఒక్కొక్కటీ విడివిడిగా తేలాయి. నేపథ్యం అప్పటికే పూర్తిగా నల్లబడింది కాబట్టి, అదనపు వెలుగు దాన్ని ఇంకేమీ చేయలేదు. పలచటి ఈకలోంచి దూరిన వెలుగే కొత్త గీతలు గీసింది.

రెండో కాగితం మీద ఈక కొస ఒక వేలెడు పైకి లేచి ఉంది. అక్కడ అంచు పొగలా చెదిరిపోయింది. పైన గాజుపలక పెట్టి నొక్కితే అంచు పదునెక్కింది కానీ ఈక ఒంపు పోయింది. మళ్లీ పలక తీసేసి, లెన్స్ ద్వారాన్ని చిన్నది చేసి, తగ్గిన వెలుగుకి సరిపడా సమయం పెంచాను. దీపాన్ని రెట్టింపు ఎత్తుకి లేపితే కాగితం మీద పడే వెలుగు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుందన్నది పుస్తకంలో చదివినప్పటికన్నా ఆ రోజు బాగా అర్థమైంది. మూడు ఒకేలాంటి ప్రింట్లు చేతికి వచ్చేసరికి పదిహేడు కాగితాలు, ఒక మధ్యాహ్నం అయిపోయాయి. అనుకోని అందం ఒక్కోసారి వస్తుంది, నిజమే. వచ్చినదాన్ని మళ్లీ రప్పించాలంటే ఏ సెకనుకి ఏం చేశామో నోట్‌బుక్‌లో రాసి ఉండాలి.

వాస్తవం ఉండదన్న మూడో మాటకి పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆనా అట్కిన్స్ ఒక్కరే చాలు. సముద్రపు నాచుల్లో చాలావాటిని ఉన్నది ఉన్నట్టు చేత్తో గీయడం కష్టమని ఆమె సయనోటైప్‌ని ఎంచుకుంది. శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతి అది. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి పూసిన కాగితాన్ని ఎండకి పెట్టి, తర్వాత నీళ్లలో కడిగితే వెలుగు తగిలిన చోట నీలం నిలుస్తుంది. 1843లో బ్రిటన్ నాచుల మీద ఆమె పుస్తకం మొదటి భాగం వెలువడింది. ఛాయాచిత్రాలతో వచ్చిన తొలి పుస్తకంగా దాన్ని చెబుతారు. అందులో అక్షరాలు కూడా ఆమె చేతిరాత నుంచి అలా నీలంలో తేలినవే. అలంకారం కోసం మొదలుపెట్టిన పని కాదది, వృక్షశాస్త్రం కోసం చేసినది.

1895లో ఎక్స్-కిరణాలు కనిపెట్టిన శాస్త్రవేత్త రాంట్‌గెన్ ఆ కిరణాలతోనే తన భార్య చేతి ఎముకల్నీ ఉంగరాన్నీ ఒక ఫోటో పలక మీద పట్టాడు. 1896లో మరో శాస్త్రవేత్త బెకరెల్ నల్లకాగితం చుట్టిన పలక మీద యురేనియం లవణాన్ని ఉంచి సొరుగులో పెట్టాడు. తీసి డెవలప్ చేస్తే మచ్చలు తేలాయి, మధ్యలో అడ్డం పెట్టిన లోహపు శిలువ నీడతో సహా. రేడియోధార్మికత అలా బయటపడింది. ఈ రెండు చోట్లా కెమెరా లేదు, పట్టుబడింది మాత్రం వాస్తవమే.

ఒకటి ఒప్పుకుంటాను. దూరాన ఉన్న కొండనో, పరిగెత్తే మనిషి ముఖాన్నో ఈ పద్ధతిలో పట్టలేం. అలాగని బల్ల మీద ఇమిడే వస్తువులతోనే ఆగిపోనక్కర్లేదు. బ్రిటిష్ కళాకారిణి సూసన్ డెర్జెస్ రాత్రిపూట పెద్ద పెద్ద ఫోటో కాగితాల్ని నదినీటి కింద ఉంచి, ఫ్లాష్ వెలుగుతో నీటి కదలికనే ముద్రించింది.

ఇక విద్యార్థికి వృథా అన్న మాట. 1937లో కళాకారుడు మొహోలీ-నాగీ షికాగోలో నడిపిన న్యూ బౌహౌస్ అనే డిజైన్ పాఠశాలలో ఫోటోగ్రామ్ పాఠ్యభాగం. నా సంగతే చెబుతాను. ఈకను పైకి లేపితే అంచు ఎందుకు చెదిరిందో తెలిశాక, మనుషుల ముఖాలు ఫోటో తీసేటప్పుడు ముక్కు నీడ చెంప మీద ఎందుకు కరకుగా పడుతోందో విడిగా ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దీపం చిన్నదైతే నీడ పదునుగా ఉంటుంది, పెద్దదైతే మెత్తబడుతుంది. ముఖానికీ ఈకకీ ఒకటే సూత్రం.

ఇదంతా ఫోన్‌లో ఒక ఫిల్టర్ చేసేస్తుందని కొందరు జోడిస్తున్నారు. ఫిల్టర్ రంగులు తారుమారు చేయగలదు. కానీ ఫోటోగ్రామ్‌లో కాగితాన్ని తాకిన వస్తువు తన అసలు పరిమాణంలోనే ఉంటుంది. ఆ ఈకను ఇప్పటికీ దాచుకున్నాను. గాజుపలక కింద చేసిన ప్రింట్ మీద దాన్ని పెడితే, కాగితం తడిసి ఆరడంలో వచ్చిన కొద్దిపాటి తేడా తప్ప, కొస నుంచి కాడ దాకా గీతకి గీత సరిపోతుంది.