రాక్ విమర్శకుని ముంజేతి గడియారం గారికి

మహారాజశ్రీ రాక్ సంగీత విమర్శకుని ముంజేతి గడియారం గారి సముఖమునకు,

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అభిమాని ఒకడు అనేక నమస్కారములతో వ్రాసుకొను లేఖ. ఉభయకుశలోపరి. నేనుండే ఊరి నుంచి కారులో కాస్త దూరం వెళితే బెల్మార్ అనే సముద్రతీర పట్టణం వస్తుంది. 1972 నుంచి ఆయన వెనుక వాయిస్తున్న ఈ స్ట్రీట్ (E Street) బ్యాండ్‌కు ఆ పట్టణంలోని ఒక వీధే పేరిచ్చింది. ('ఈ స్ట్రీట్' అంటే ఏ స్ట్రీటని మా బంధువులు అడిగినప్పుడల్లా ఓపికగా చెబుతూనే ఉన్నాను, ఇకముందూ చెబుతాను.) కనుక ఆయన కచేరీలు మరీ పొడవన్న ఈ వ్యవహారంలో నాకు పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాను. తమరికి కూడా ఉన్నదని తమరి చేత ఒప్పించడానికే ఈ లేఖ.

సమీక్షలను తమరి యజమాని వ్రాస్తారని ఇంతకాలం భ్రమపడ్డాను. కచేరీ మూడు గంటలు దాటిందని మొదటి వాక్యంలోనే చెప్పి, రెండో వాక్యంలో 'అలసట' అన్న మాట వాడి, మూడో వాక్యంలో 'కొంత కత్తిరించి ఉంటే బాగుండేది' అని తీర్పు చెప్పే వ్రాతలు చదవగా చదవగా, అవి చెవితో విని వ్రాసినవి కావనీ, మణికట్టు దగ్గర పుట్టినవనీ తెలిసింది. దినపత్రికల్లో రాత్రి సమీక్షకు గడువు ఉంటుందని, కచేరీ ముగిసేదాకా కూర్చుంటే మర్నాటి పేజీకి వ్రాత అందదని, అందువల్ల చివరి పాటలు వినకుండానే లేచిపోవలసి వచ్చేదని నాకు తెలియనిది కాదు. అది వారి ఉద్యోగధర్మం; తప్పు పట్టను. కాని విందుకు వెళ్ళి, పప్పు వడ్డించగానే చెయ్యి కడుక్కుని, పెరుగు దాకా భోజనం సాగదీశారని ఇంటికి వచ్చి వ్రాయడానికి మాత్రం ధైర్యం కావాలి. ఆ ధైర్యం తమరు ఇచ్చిందే.

తమరి జాతి ప్రతాపాన్ని లోకమంతా చూసిన రాత్రి ఒకటి ఉన్నది. 2012 జూలై 14న లండన్ హైడ్ పార్కులో బ్యాండు మూడు గంటలకు పైగా వాయించింది. చివర్లో బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ వేదిక ఎక్కి, స్ప్రింగ్‌స్టీన్‌తో కలిసి రెండు పాటలు పాడారు. వానకు తడిసి బురదలో నిలబడిన జనం, ఇక చచ్చినా ఫరవాలేదన్నంత ఆనందంలో ఉన్నారు. అప్పుడు రాత్రి పదిన్నర గడువు దాటిందని నిర్వాహకులు ధ్వనిని కట్టివేశారు. స్ప్రింగ్‌స్టీన్ జనానికి కృతజ్ఞతలు చెప్పబోతే పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. చుట్టుపక్కల ఇళ్ళవారి నిద్రను కాపాడాలన్న నిబంధన న్యాయమైనదే కావచ్చు. అయితే ఒక బీటిల్ పాడుతూ ఉండగా నిద్రపోవాలనుకునేవారు ఎవరో చూడాలని నాకు నేటికీ కోరిక. ఆనాటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ సైతం గాయకుల పక్షమే మాట్లాడారంటే, తమరు ఎంత ఒంటరివారో గ్రహించండి. మూడు రోజుల తర్వాత డబ్లిన్‌లో బ్యాండు, లండన్‌లో తెగిన పాటను తెగినచోటనే అందుకుని ముడివేసి, ఆ తర్వాతే ముందుకు సాగింది.

మా తెనాలి వైపు నా చిన్నతనంలో పద్యనాటకాలు తెల్లవార్లూ జరిగేవి. హార్మోనియం వాయించేవాడు కునుకు తీసినా, నటుడు రాగం వదిలేవాడు కాదు. 'వన్స్ మోర్' అని జనం అరిస్తే, ప్రాణం విడిచి పడి ఉన్న పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ ప్రాణం విడిచేది. అప్పుడు ఆ పందిట్లో తమరి వంటివారు ఒక్కరైనా ఉండి ఉంటే మా ఊరి అభిరుచి ఎంతగానో సంస్కరింపబడి ఉండేదని, నాటకం ఎప్పుడు అయిపోతుందా అని మంచమెక్కి ఎదురుచూసిన మా నాయనమ్మ తరఫున విన్నవించుకుంటున్నాను.

తమరికి నిమిషాల మీద ఇంత గురి కనుక ఒక లెక్క అడుగుతాను. 1975లో వచ్చిన వారి ఆల్బం ముగింపు పాటలో రెండు నిమిషాల పైచిలుకు సాక్సఫోన్ ఘట్టం ఉన్నది. ఆ కాస్తా రికార్డు చేయడానికి పదహారు గంటలు పట్టిందని వాయించిన క్లారెన్స్ క్లెమన్స్ చెప్పుకునేవారు. ఆయన 2011 జూన్‌లో చనిపోయారు. ఆ పాటను బ్యాండు ఏడాదికి పైగా వేదిక మీద ముట్టుకోలేదు. 2012 జూలై 28న స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో క్లెమన్స్ తమ్ముడి కొడుకు జేక్ ఆ ఘట్టాన్ని మొదటిసారిగా వాయించాడు. ఆ రెండు నిమిషాలను ఏ పద్దులో వ్రాసుకున్నారు? సాగదీతలోనా? సరిగ్గా మరో మూడు రోజులకు, జూలై 31న, హెల్సింకీలో వారు నాలుగు గంటల ఆరు నిమిషాలు వాయించారు. వారి చరిత్రలో అంతకన్న పొడవైన కచేరీ లేదు. అప్పటికి స్ప్రింగ్‌స్టీన్ వయస్సు 62.

తమరి వర్గంలో అందరూ ఒకే తీరువారని అనను. 1974 మేలో మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జిలోని హార్వర్డ్ స్క్వేర్ థియేటర్‌లో ఈ బ్యాండును విన్న జాన్ లాండౌ అనే విమర్శకుడు, రాక్ అండ్ రోల్ భవిష్యత్తును చూశానని 'రియల్ పేపర్' అనే పత్రికలో వ్రాశాడు. ఆ తర్వాత ఏం చేశాడు? విమర్శ మానేసి, ఆ భవిష్యత్తుకు నిర్మాతా మేనేజరూ అయి కూర్చున్నాడు. ఆ రాత్రి ఆయన గడియారం ఇంట్లో మరచిపోయి వచ్చి ఉంటాడని నా నమ్మకం.

ఇంతవరకు తమరిని నిలదీశాను. ఇక మా బండారం కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ లేఖ తప్పుడు సాక్ష్యం అవుతుంది. సంగీతాన్ని గడియారంతో కొలవరాదని తమరి యజమాని మీద విరుచుకుపడే మేమే, హెల్సింకీ సంఖ్యను కులగోత్రాల్లా కంఠతా పట్టాం. 2016 సెప్టెంబర్ 7న ఫిలడెల్ఫియాలో నాలుగు గంటల నాలుగు నిమిషాలు వాయించినప్పుడు, అమెరికా వరకు అదే రికార్డని సంబరపడుతూనే, ఇంకో రెండు నిమిషాలు లాగలేకపోయారా అని నిట్టూర్చినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ ఆగస్టులో మెట్‌లైఫ్ స్టేడియంలో మూడో గంట నడుమ మోకాళ్ళు పీకి కుర్చీలో కూలబడ్డాను. ఒకే పల్లవి గానుగెద్దులా తిరుగుతున్నదని, బ్యాండులో వాళ్ళను ఎన్నిసార్లు పరిచయం చేస్తారని నాకూ అనిపించింది. పక్క కుర్చీలోని మా ఆవిడ "లేవరేం?" అన్నది. లేచాను. ఇంటికి వచ్చాక స్నేహితులందరికీ 'ఒక్క నిమిషం కూడా విసుగు కలగలేదు' అని చెప్పాను. ఈ విషయంలో విమర్శకుడే నాకన్న నిజాయితీపరుడు.

2023 నాటికి కథ మరీ అడ్డం తిరిగింది. టికెట్లకు గిరాకీని బట్టి పెరిగే ధర పెట్టారు; కొన్ని వేల డాలర్లకు ఎగబాకాయి. నలభై మూడేళ్ళు అభిమానులకు ఊపిరైన 'బ్యాక్‌స్ట్రీట్స్' పత్రిక, ఆ ధరలకు మనసు విరిగి ఆ ఫిబ్రవరిలో మూతపడింది. ప్రదర్శన మూడు గంటల లోపుకు వచ్చింది. పాటల వరుస ఊరూరా దాదాపు అదే. తమరి యజమానులు కోరినట్టే బిగువుగా, కత్తిరించినట్టుగా ఉన్నది. అప్పుడు జేబులోంచి గడియారాలు తీసి, నిమిషానికి ఎన్ని డాలర్లు పడిందో భాగహారం చేసినది ఎవరనుకున్నారు? మేమే. ఇన్నేళ్ళు తమరిని తిట్టిన నోటితోనే, ఏడు పదులు దాటిన మనిషి మూడో గంటకే వేదిక దిగిపోవడమేమిటని అడిగాము.

కావున మనవి ఏమనగా, మన మధ్య పగ ఇక అనవసరం. వచ్చేసారి ఆయన ఈ ప్రాంతాలకు వచ్చినప్పుడు తమరిని, తమరి యజమానిని నా కారులోనే తీసుకువెళతాను. పార్కింగ్ ఖర్చు నాది. గడువు ముంచుకొచ్చి ఆయన ముందే లేచిపోవలసి వస్తే వెళ్ళమనండి, అడ్డు పెట్టను. వెళ్ళేముందు తమరిని మాత్రం విప్పి నా చేతికి ఇచ్చి వెళ్ళమనండి. నా ఫోనులో ఛార్జింగు చివరిదాకా ఉండదు, హెల్సింకీ దాటారో లేదో నాకు తెలియాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎడిసన్ నుంచి ఒక అభిమాని