చదివేవాళ్ళు లేరని సెలవిచ్చి వెళ్ళిన గొలుసు పుస్తక దుకాణం వారికి

మహారాజశ్రీ గొలుసు పుస్తక దుకాణం (ఊరూరా శాఖలున్న చెయిన్ స్టోర్) వారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే అయినా, ఉభయుల్లో ఒకరు నిన్న మధ్యాహ్నానికే తలుపులకు తాళం వేసుకొని ఉండటం చేత ఆ మాటను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. తెప్పించి ఉంచుతామని తామే మాట ఇచ్చిన పుస్తకం కోసం వచ్చి, అద్దాల తలుపు ముందు నిలబడి, లోపలి ఖాళీ అరలనూ, ఆ అరలు కూడా అమ్మకానికేనని వాటికి తగిలించిన చీటీలనూ చూసి, చివరకు తలుపుకు అంటించిన తమరి వీడ్కోలు ప్రకటనను శ్రద్ధగా చదివాను. ఇన్నేళ్ళ ఆదరణకు మాకు కృతజ్ఞతలు చెప్పారు, సంతోషం. పాఠకుల అలవాట్లు మారిపోవడం వల్ల ఈ కఠిన నిర్ణయం తప్పలేదని కూడా సెలవిచ్చారు. పాఠకులు కరువయ్యారని చెప్పే ఆ కాగితాన్ని చదవడానికి నా వెనుక మరికొందరు పాఠకులు వంతు కోసం నిలబడి ఉన్నారన్న సంగతి మాత్రం తమరి దృష్టికి వచ్చినట్టు లేదు.

తమరి మీద చిన్నాచితకా ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గాని వాటిని సాగదీయను. ద్వారం ఎదుటి బల్ల మీద "మా ఎంపిక" అని పేర్చిన పుస్తకాల్లో కొన్నిటి ఎంపిక ప్రచురణకర్త చెల్లించిన సొమ్మును బట్టి జరిగేదని ఈ వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు. కొవ్వొత్తులు, బొమ్మలు, కాఫీ కప్పులు ఏటికేడాది ముందుకు జరుగుతుంటే కవిత్వం వెనక్కి వెనక్కి పోయి మరుగుదొడ్డి పక్క గోడకు ఆనుకున్న సంగతి కూడా గమనించాం. అయినా నోరెత్తలేదు, ఎందుకంటే ఆ గోడ దాకా వెళ్ళి వెతుక్కోవడానికి మాకు ఓపిక ఉంది. ఓపిక ఉన్నవారిని అలవాట్లు మారినవారంటారా?

ఆడలేక మద్దెల ఓడన్నట్టుగా ఉన్న ఈ మాటను నేను వదలలేకపోతున్నాను. కాబట్టి తమరి వంశచరిత్రను కాస్త తిరగేస్తాను. అమెరికాలోని ఆన్ ఆర్బర్ అనే విశ్వవిద్యాలయ పట్టణంలో ఇద్దరు అన్నదమ్ములు 1971లో మొదలుపెట్టిన బోర్డర్స్, తమరి కులంలో పెద్ద పేరు. 1992లో దాన్ని కేమార్ట్ అనే బజారు సంస్థ కొనుక్కుంది. 2001లో, అంటే జనం ఇంటి నుంచే పుస్తకాలు కొనడం నేర్చుకుంటున్న రోజుల్లో, బోర్డర్స్ తన ఆన్‌లైన్ అమ్మకాలను తీసుకువెళ్ళి సాక్షాత్తూ అమెజాన్ చేతిలోనే పెట్టింది, 2008 దాకా వెనక్కి తీసుకోలేదు. ఏడేళ్ళ పాటు తన ఖాతాదారులను తానే ఎదుటి కొట్టుకు దారి చూపించి పంపింది! 2011 ఫిబ్రవరి 16న దివాలా పిటిషన్ వేసేనాటికి 642 దుకాణాలూ, దాదాపు 129 కోట్ల డాలర్ల అప్పులూ మిగిలాయి. అందులో పెంగ్విన్ అనే ఒక్క ప్రచురణ సంస్థకు ఇవ్వవలసిందే 4.1 కోట్ల డాలర్లు. బాకీలు తీరకపోయేసరికి ప్రచురణకర్తలు సరుకు పంపడం ఆపారు. సరుకు రాకపోతే అరలు బోసిపోతాయి, అరలు బోసిపోతే వచ్చినవాడు కావలసింది దొరకక తిరిగి వెళతాడు. అలా తిరిగి వెళ్ళినవాడిని చూపించి "చూశారా, అలవాట్లు మారాయి" అనడం ఎంత సుఖం!

ఆ ఏడాది జూలైలో మిగిలిన 399 దుకాణాలనూ సరుకు అమ్మేసి మూసివేయాలని తేలింది, దాదాపు 10,700 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ తర్వాత జరిగిన ముచ్చటే నాకు అన్నిటికంటే ప్రీతికరమైనది. సెప్టెంబరులో ఆ సంస్థ పేరునూ, ట్రేడ్‌మార్కులనూ, దాంతోపాటు ఖాతాదారుల జాబితానూ పోటీదారైన బార్న్స్ అండ్ నోబుల్ 1.39 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ జాబితాలో ఉన్న పేర్లు సుమారు 4.8 కోట్లు. పేరూ ట్రేడ్‌మార్కూ ఊరికే ఇచ్చారనుకున్నా, ఒక్కొక్క పాఠకుడి వెల డాలరులో మూడో వంతుకు కూడా రాలేదు. చవకే. కానీ చదివేవాళ్ళు లేకనే కదా దుకాణం మూతపడింది? మరి ఆ 4.8 కోట్లమంది ఎవరు? లేనివాళ్ళ పేర్లను ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు?

ఇటువంటి దివాలాల్లో, బాగా నడుస్తున్న శాఖకూ ఈగలు తోలుకుంటున్న శాఖకూ చివరకు ఒకే తాళం పడుతుంది. మా వీధి మీదుగా ఎన్నడూ నడవని పెద్దమనుషులు ఎక్కడో కూర్చుని చేసిన అప్పుకు, రాసుకున్న దీర్ఘకాలపు అద్దె ఒప్పందాలకు, మా వీధి జవాబు చెప్పుకోవాలి. నువ్వు రాకముందు ఇక్కడ ఒక చిన్న కొట్టు ఉండేది. దాని యజమాని ఎవరు ఏం చదువుతారో ఎరిగినవాడు, నష్టం వచ్చినా ఇక్కడే ఉండవలసినవాడు, ఎందుకంటే అతడి ఇల్లు ఇక్కడే. నువ్వు అతడు ఇవ్వలేని తగ్గింపులు ఇచ్చి, అతడి కొట్టు మూయించి, అతడి దగ్గరికి వచ్చేవారిని నీ కుర్చీల్లో కూర్చోబెట్టుకున్నావు. సరే, కూర్చున్నాం. శనివారాల్లో పిల్లలు నేల మీద చేరి కథలు విన్నారు. ఇంట్లో చోటులేని విద్యార్థులు పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని సాయంత్రాలు గడిపారు. పదవీ విరమణ చేసినవారు ఏదీ కొనకుండా గంటల తరబడి పత్రికలు తిరగేశారు, పనివాళ్ళెవరూ వాళ్ళను లేపలేదు (ఆ పనివాళ్ళకు నా ప్రత్యేక నమస్కారాలు, ఈ ఉత్తరంలోని నిష్ఠూరమేదీ వారికి చెందదు). మొదటి పుస్తకం అచ్చువేసుకున్న స్థానిక రచయితకు ఒక మూల బల్లా, నలుగురు శ్రోతలూ దొరికారు. ఇప్పుడు చిన్న కొట్టూ లేదు, నువ్వూ లేవు. ఒకే ఊరిని రెండుసార్లు ఖాళీ చేసి, పోతూ పోతూ తప్పు మాదేనని తలుపుకు అంటించిపోయావు!

క్షమించాలి, తమరు అనవలసినచోట నువ్వు అన్నాను.

అలవాట్ల సంగతికే వస్తాను. బ్రిటన్‌లో వాటర్‌స్టోన్స్ అనే తమరి దాయాది 2011లో చేతులు మారినప్పుడు, సొంతంగా పుస్తకాల కొట్లు నడిపిన జేమ్స్ డాంట్ అనే ఆయన పగ్గాలు పట్టాడు. బల్లల మీది చోటును ప్రచురణకర్తలకు అమ్ముకోవడం మానిపించి, ఏ పుస్తకాలు పెట్టాలో ఆ ఊళ్ళో ఉన్న సిబ్బందినే తేల్చుకోనిచ్చాడు. ఆ గొలుసు నిలబడింది. 2019లో ఆయనకే అప్పగించిన బార్న్స్ అండ్ నోబుల్, ఏళ్ళ తరబడి శాఖలు మూసుకుంటూ వచ్చిన సంస్థ, 2023 నుంచి ఏటా పదుల సంఖ్యలో కొత్త దుకాణాలు తెరుస్తోంది. అమెరికన్ బుక్‌సెల్లర్స్ అసోసియేషన్‌లో సభ్యులైన స్వతంత్ర దుకాణాల సంస్థలు 2009లో 1,400 దాకా ఉంటే, 2019కి 1,800 దాటాయి. చదివేవాళ్ళు ఈ దుకాణాల కోసం ఆకాశం నుంచి ఊడిపడలేదు. తమరు లేరన్న ఆ మనుషులే వీటిలోకి నడిచి వచ్చారు. ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుందన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. కానీ అక్కడ నేను వెతికినదే నాకు కనిపిస్తుంది, నిన్న కొన్నదాని కవల సోదరుడు రేపటికి సిద్ధంగా ఉంటాడు. వెతకనిది చేతికి తగలాలంటే మరుగుదొడ్డి పక్క గోడ దాకా నడవాలి, ఆ గోడ తమరి దగ్గరే ఉండేది.

ఇక రెండు విన్నపాలు. నా పుస్తకానికి కట్టించుకున్న సొమ్ము అప్పులవాళ్ళ వరుసలో ఎక్కడ నిలబడిందో తెలియజేయగలరు. బ్యాంకులు ముందుంటాయని తెలుసు, నాకు తొందరేమీ లేదు, వంతు కోసం నిలబడటం మాకు తమరి ప్రకటన దగ్గరే అలవాటయింది. రెండవది, రేపు మా జాబితాను వేలానికి పెట్టేటప్పుడు నా పేరు కొట్టివేయగలరు. అలా కుదరదని తమరి న్యాయవాదులు అంటే, కనీసం నా పేరు పక్కన "ఇతడు చదువుతాడు" అని రాయించండి. తమరికి అక్కరకు రాకపోయినా, కొనుక్కునేవారికి తెలిసి ఉండటం మంచిది.

ఇట్లు,
సభ్యత్వ కార్డు గడువు ఇంకా తీరని ఒక పాఠకుడు