కాపీ చూపిస్తేనే మైకు

ఏటా నవంబర్ నాలుగో గురువారం అమెరికాలో ఇంటింటా థ్యాంక్స్‌గివింగ్ విందు. అదే రోజు మధ్యాహ్నం 12 గంటలకు, ఆ పండుగ తమ గడ్డ మీదే పుట్టిందని చెప్పుకునే ప్లిమత్ ఊళ్ళో, సముద్రపు ఒడ్డున ఉన్న కోల్స్ హిల్ గుట్ట మీద కొంతమంది పస్తులుండి నిలబడతారు. ముందురోజు పొద్దు గూకినప్పటి నుంచీ వాళ్ళ పొట్టలోకి మెతుకు పోదు. వాళ్ళు ఆ నేల మూలవాసులు. దేశమంతా పండుగ చేసుకునే రోజు వాళ్ళకు జాతీయ సంతాప దినం. 1970లో మొదలైన ఈ ఆనవాయితీకి 2025 యాభై ఆరో ఏడు.

ఇది ఎలా మొదలైందో ఇప్పుడు మళ్ళీ చెప్పుకోవాల్సిన అవసరం వచ్చింది. ఆనాడు ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖ చేసిన పనినే 2025లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఉన్న తన పార్కులకు రూలుగా పెట్టింది. ఈ పత్రిక బాధ, భయం అదే.

ఇంగ్లండ్ నుంచి వలసదారులను (వాళ్ళనే పిల్‌గ్రిమ్స్ అంటారు) తెచ్చిన మేఫ్లవర్ ఓడ వచ్చి 350 ఏళ్ళయిన సందర్భంగా 1970లో మసాచుసెట్స్ రాష్ట్రం పెద్ద విందు పెట్టింది. ఆ విందులో మాట్లాడమని వాంపనోగ్ తెగకు చెందిన వామ్‌సుటా ఫ్రాంక్ జేమ్స్‌ను పిలిచింది. ఆయన బడిలో సంగీతం చెప్పే మాస్టారు. న్యూ ఇంగ్లండ్ కన్జర్వేటరీలో చదివిన ట్రంపెట్ కళాకారుడు. పిలిచినవాళ్ళు ప్రసంగం కాపీ ముందుగా పంపమన్నారు. ఆయన పంపారు. చదివిన అధికారులకు టెన్షన్ పట్టుకుంది. వేడుక సోదరభావం గురించి కదా, అందులో ఇలాంటి మాటలు పనికిరావన్నారు. తామే ఇంకో ప్రసంగం రాసి చేతికిచ్చి, ఇది చదవమన్నారు. ఆయన చదవనన్నారు. ఆ నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ రోజున కోల్స్ హిల్ మీద, పిల్‌గ్రిమ్స్ కాలపు వాంపనోగ్ నాయకుడు మసాసోయిట్ విగ్రహం పక్కన, తనవాళ్ళను వెంటబెట్టుకుని నిలబడ్డారు.

ఇంతకీ అధికారులను అంత భయపెట్టింది ఏమిటి? ఓడ దిగిన పిల్‌గ్రిమ్స్ నాలుగు రోజులు తిరక్కముందే ఆదివాసుల సమాధులు తవ్వి, వాళ్ళు దాచుకున్న మొక్కజొన్నలూ చిక్కుడు గింజలూ ఎత్తుకుపోయారని ఆయన రాశారు. ఇందులో ఆయన కల్పించింది ఏమీ లేదు. 1622లో లండన్‌లో అచ్చయిన పిల్‌గ్రిమ్స్ సొంత పుస్తకంలోనే ఆ సంగతి ఉంది. ఒక దిబ్బ తవ్వితే మొక్కజొన్న దొరికిందని రాసుకున్నారు. ఇంకో దిబ్బ తవ్వితే ఒక మనిషి ఎముకలు, ఒక పసిబిడ్డ ఎముకలు కనిపించాయనీ, చూడముచ్చటైన వస్తువులు కొన్ని తీసుకుని మళ్ళీ మట్టి కప్పేశామనీ దాపరికం లేకుండా చెప్పుకున్నారు. దొంగిలించినవాళ్ళు తమ చేతులతో తాము రాసుకున్న మాటను, దొంగతనానికి గురైనవాళ్ళ మనవడు విందులో పలకకూడదట. ఇదేం న్యాయం?

ఇక ఇప్పటి సంగతి. 2025 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. చరిత్రలో సత్యాన్ని పునరుద్ధరించడమట దాని ఉద్దేశం. కేంద్రం చేతిలో ఉన్న పార్కుల్లో, స్మారకాల్లో వెనకటి అమెరికన్లనైనా ఇప్పటి అమెరికన్లనైనా చిన్నబుచ్చే మాటలు ఉండకూడదన్నది దాని సారం. ఆ తర్వాత, ఆ పార్కుల వ్యవహారం చూసే ఇంటీరియర్ శాఖ పార్కుల్లో నోటీసులు పెట్టించింది. ఫలానా బోర్డు మన పెద్దల గురించి చెడుగా చెబుతోందని అనిపిస్తే, ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫిర్యాదు చేయమని సందర్శకులను కోరింది. మెయిన్ రాష్ట్రంలోని అకేడియా పార్కులో బోర్డులు తీసేశారు. తీసేసినవాటిలో అక్కడి కొండ వబనాకీ ఆదివాసులకు ఎంత ముఖ్యమో చెప్పేది కూడా ఉంది. 1970లో ఒక మనిషి ప్రసంగాన్ని ఒక ఆఫీసు చదివి ఆపింది. ఇప్పుడు కేంద్రం పార్కుల్లోని బోర్డులన్నిటినీ పై ఆఫీసు చదువుతోంది. పద్ధతి అదే. కాపీ ముందు మాకు చూపించు, నచ్చితే మాట్లాడు.

పిల్‌గ్రిమ్స్ మొదట కాలు పెట్టిన చోటని చెప్పుకునే ప్లిమత్ రాయి రాష్ట్ర పార్కులో ఉంది కాబట్టి ఈ ఉత్తర్వు దానికి నేరుగా వర్తించదని మాకు తెలుసు. కానీ ప్లిమత్‌ను వదిలేసి ఈ ఉత్తర్వు గురించి మాట్లాడటం కుదరదు. పెద్దలను చిన్నబుచ్చకూడదనే రూలు పెడితే ఆ పెద్దల సొంత పుస్తకమే ఆ పరీక్షలో తప్పుతుంది. ఆ రూలు పెట్టినవాళ్ళు ఈ ముక్క ఆలోచించారా?

ప్లిమత్‌కు జ్ఞాపకాలంటే ప్రాణం. అక్కడ 1769లో ఏడుగురు పెద్దమనుషులు కలిసి ఓల్డ్ కాలనీ క్లబ్ పెట్టుకున్నారు. ఆ డిసెంబర్‌లోనే తమ పూర్వీకులు ఒడ్డుకు చేరిన రోజు పేరిట విందు చేసుకున్నారు. ఇప్పటికీ ఏటా డిసెంబర్ చలిలో, తెల్లవారకముందే క్లబ్ సభ్యులు పొడుగు టోపీలు పెట్టుకుని ఊరేగుతారు, ఫిరంగి పేలుస్తారు. ఆ మొదటి విందులో ఏమేం వడ్డించారో రాసిన జాబితా ఉంది. ఆల్చిప్పలు, కాడ్ చేప, జింక మాంసం, యాపిల్ పై, వాటితో పాటు సకటాష్. మొక్కజొన్న గింజలూ చిక్కుడు గింజలూ కలిపి ఉడికించే కూర అది. వంట ఆదివాసులది, పేరు ఆదివాసుల భాషది, ఆ మొక్కజొన్న ఎలా నాటాలో నేర్పిందీ ఆదివాసులే. గిన్నె నిండా వాళ్ళే ఉన్నారు. వాళ్ళ నోటి మాటకు మాత్రం రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా పర్మిషన్ కావాల్సి వచ్చింది.

ఇంకో ఉదాహరణ చూడండి. ఒడ్డున మండపం కట్టి, 1620 అని చెక్కి కాపాడుకుంటున్న ప్లిమత్ రాయి గురించి ఓడలో వచ్చినవాళ్ళు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. 1741లో, అంటే 120 ఏళ్ళ తర్వాత, థామస్ ఫాన్స్ అనే 94 ఏళ్ళ పెద్దాయన ఇదే ఆ రాయి అని చెప్పారు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పగా విన్నానన్నారు. ఊరు నమ్మింది. 1774లో ఎద్దులు కట్టి లాగబోతే రాయి రెండు ముక్కలైంది. 1880లో ఆ ముక్కలు అతికించి సంవత్సరం చెక్కారు. ముసలాయన మాటను నమ్మడంలో తప్పు లేదు. ఏ ఊరి చరిత్రయినా సగం అలాగే నిలుస్తుంది. మరి వాంపనోగ్ పెద్దలు తమ పిల్లలకు చెప్పుకున్న మాటల దగ్గరకు వచ్చేసరికే కాపీలూ పరిశీలనలూ సవరణలూ ఎందుకు? ఫాన్స్‌ను ఎవరు కాపీ అడిగారు?

1621లో పిల్‌గ్రిమ్స్, వాంపనోగ్‌లు కలిసి తిన్న విందే మొదటి థ్యాంక్స్‌గివింగ్ అన్న కథ అమెరికాలో అందరికీ తెలిసిందే. దానికి ముందూ వెనకా జరిగినదే పిల్లలకు చెప్పరు. ప్లిమత్ ఉన్న చోట అంతకు ముందు పటక్సెట్ అనే ఊరుండేది. 1616 నుంచి 1619 వరకు బయటివాళ్ళు తెచ్చిన రోగంతో ఆ ఊరు తుడిచిపెట్టుకుపోయింది. పిల్‌గ్రిమ్స్‌కు సేద్యం నేర్పిన టిస్‌క్వాంటమ్ ఆ ఊరివాడే. 1614లో ఒక ఇంగ్లిష్ ఓడ కెప్టెన్ అతన్ని ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మేశాడు. తిప్పలు పడి 1619లో ఇంటికి చేరేసరికి ఇల్లు లేదు, ఊరు లేదు, పలకరించే మనిషి లేడు. స్కూలు నాటకాల్లో నవ్వుతూ మొక్కజొన్న నాటించే ఆదివాసి పాత్ర ఇతనిదే.

విందుకు తొంభై మంది మనుషులతో వచ్చి, ఐదు జింకలు వేటాడి తెచ్చి, మూడు రోజులు కూర్చుని తిన్న మసాసోయిట్‌కు ఒక కొడుకు ఉన్నాడు. పేరు మెటాకమ్. తమ భూములు చేజారిపోతుంటే 1675లో తిరగబడ్డాడు. 1676 ఆగస్టులో అతన్ని చంపారు. తల నరికి ప్లిమత్‌కు తెచ్చారు. తల ఊళ్ళోకి వచ్చిన రోజు ప్లిమత్ ఏం చేస్తోందో తెలుసా? చర్చిలో దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటోంది. అది అక్కడివాళ్ళు ప్రకటించుకున్న థ్యాంక్స్‌గివింగ్ రోజు. ఆ తలను గుంజకు గుచ్చి ఏళ్ళ తరబడి అలాగే ఉంచారు. అతని భార్యనూ తొమ్మిదేళ్ళ కొడుకునూ బానిసలుగా అమ్మేశారు. ఆ విందుకు జింకలు తెచ్చినవాడి మనవడు ఆ పిల్లాడు. ఫ్రాంక్ జేమ్స్ పెట్టుకున్న వామ్‌సుటా పేరు మెటాకమ్ అన్నయ్యది. ఆ పేరుతో నిలబడిన మనిషికి సోదరభావం గురించి పాఠం చెప్పబోయారు.

పండుగంటే ఇంటిల్లిపాదీ కలిసి భోంచేయడం, ఉన్నదానికి దండం పెట్టుకోవడం, దాన్ని చరిత్రతో చేదు చేయకూడదని వాదించేవాళ్ళున్నారు. పండుగను మానుకోమని మేమూ అనడం లేదు, కోల్స్ హిల్ మీద నిలబడేవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి పస్తు విడిచాక కలిసే భోంచేస్తూ వచ్చారు. గొడవ భోజనం మీద కాదు. విందుకు పిలిచి, కుర్చీ వేసి, మైకు ముందు నిలబెట్టి, నీ మాట కాదు మా మాట చెప్పమనడం మీద. గౌరవిస్తున్నామని నలుగురికీ చూపించుకుంటూనే నోరు నొక్కడం అంటే ఇదే.

ఒక మాట ప్లిమత్ ఊరి పక్షాన కూడా చెప్పాలి. 1997 థ్యాంక్స్‌గివింగ్ రోజున పోలీసులు సంతాప ఊరేగింపు మీద పడి 25 మందిని అరెస్టు చేశారు. కేసు కోర్టుకెక్కింది. 1998లో ఊరు రాజీకి వచ్చింది. కేసులు ఎత్తేసింది. పర్మిట్ అడగకుండా ఏటా ఊరేగింపు చేసుకోవచ్చంది. మెటాకమ్ పేరిట చదువుల నిధికి లక్ష డాలర్లు ఇచ్చింది. తన ఖర్చుతో రెండు ఫలకాలు పెట్టింది. కోల్స్ హిల్ మీది ఫలకం, చాలామంది ఆదివాసులు పిల్‌గ్రిమ్స్ రాకను పండుగగా చేసుకోరని ఊరి పేరు మీదే చెబుతోంది. ఇంకో ఫలకం మెటాకమ్ తల గురించి దాచకుండా చెబుతోంది. ఆ ఊళ్ళో ఇప్పుడు థ్యాంక్స్‌గివింగ్ ఉదయం మొదటి చలికాలం దాటి బతికిన 51 మంది పేరిట పాత దుస్తుల్లో ఊరేగింపు జరుగుతుంది, మధ్యాహ్నం సంతాప సభ జరుగుతుంది. రెండూ ఒకే రోజు, ఒకే వీధుల్లో. ఊరేమీ కూలిపోలేదు. టూరిస్టులు రావడమూ మానలేదు. 60 వేల మంది ఉన్న ఊరు పాతికేళ్ళ కిందట దిగమింగుకోగలిగిన నిజాన్ని, అంత పెద్ద దేశపు ప్రభుత్వం ఎందుకు దిగమింగుకోలేకపోతోంది?

బోర్డులు వెతికే ఈ ఇంటీరియర్ శాఖే ఆదివాసుల భూముల వ్యవహారమూ చూస్తుంది. 2020లో, అంటే మేఫ్లవర్ 400 ఏళ్ళ వేడుకలకు ముస్తాబవుతున్న ఏడాదిలో, కరోనాతో జనం అల్లాడుతున్న వేళ, మాష్పీ వాంపనోగ్ తెగకని కేటాయించిన భూమి (దాన్నే అక్కడ రిజర్వేషన్ అంటారు) హోదాను రద్దు చేస్తున్నామని ఈ శాఖే కబురు పెట్టింది. మొత్తం 321 ఎకరాలు. ఆ తెగ కోర్టుకు వెళ్ళి గెలిచింది, 2021 చివరికి గానీ ఆ భూమి వాళ్ళదేనని శాఖ ఒప్పుకోలేదు. ఆ కబురు పంపిన తేదీ 2020 మార్చి 27. అయిదేళ్ళకు సరిగ్గా అదే తేదీన చరిత్ర బోర్డుల మీద ఉత్తర్వు వచ్చింది. తేదీ కలవడం కాకతాళీయమే కావచ్చు. భూమిని లాక్కోబోయినవాళ్ళకే ఆ భూమి కథ ఎలా రాయాలో చెప్పే అధికారం ఉండటం కాకతాళీయం కాదు.

ఇది మన ఇళ్ళకు దూరమైన విషయం అనుకోవద్దు. బోస్టన్ చుట్టుపక్కల ఉంటున్న పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను కారెక్కించుకుని ప్లిమత్ రాయి చూపించడానికి తీసుకెళ్తారు. గుంటలో ఉన్న రాయిని వంగి చూసి, ఇంతేనా అనుకుని, ఫొటో దిగి వచ్చేస్తారు. నవంబర్ వస్తే మన మనవళ్ళూ మనవరాళ్ళూ కాగితపు ఈకలు తలకు చుట్టుకుని స్కూలు నుంచి ఇంటికొస్తారు. వాళ్ళు నేర్చుకునే అమెరికా ఇదే. ఈసారి వెళ్తే రాయి దగ్గర ఆగిపోకండి. రోడ్డు దాటి మెట్లెక్కి, మసాసోయిట్ విగ్రహం పక్కనున్న ఫలకం చదవండి. పిల్లల చేత చదివించండి.

2026 జూలైకి అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్ళు. ఇలాంటి సందర్భాలకు విందులుంటాయి, వేదికలుంటాయి, ఈకల కిరీటం పెట్టుకున్న ఆదివాసి పెద్దలను ముందు వరసలో కూర్చోబెట్టి ఫొటోలు తీయిస్తారు. పిలవబోయే అధికారులకు ఈ పత్రిక ఇప్పుడే చెబుతోంది. పిలిస్తే మాట్లాడనివ్వండి. వాళ్ళ కాగితం మీద మీ పెన్ను పెట్టకండి. అంత ధైర్యం లేకపోతే వాళ్ళను అసలు పిలవకండి. మీ ఫొటోలకు అలంకారంగా నిలబడాల్సిన ఖర్మ వాళ్ళకు లేదు. వాళ్ళకు కోల్స్ హిల్ ఉంది, అక్కడ మైకుకు మీ పర్మిషన్ అక్కర్లేదు.