పీడీఎఫ్ ఫోల్డర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పీడీఎఫ్ ఫోల్డర్ గారికి,

వరంగల్‌లో ఎమర్జెన్సీ మెడిసిన్ ఎండీ రెండో ఏడాది వెలగబెడుతున్న రెసిడెంట్ నమస్కరించి రాయునది. ఇక్కడ క్యాజువాలిటీలో అందరం క్షేమం. మా కొత్త జూనియర్ ఫోన్‌లో తమరు రోజురోజుకూ ఒళ్లు చేస్తున్నారని విని సంతోషించాం.

పిల్లవాడు డ్యూటీలో చేరిన రోజే ఎవరో పుణ్యాత్ముడు లింకు పంపాడు. రెండు వాల్యూముల అమెరికా గ్రంథం దిగింది. ఎందుకైనా మంచిదని దాని పాత ఎడిషన్ కూడా దిగింది. ఆ వెనకే ఈసీజీ పుస్తకాలు, అల్ట్రాసౌండ్ వీడియోలు, డబుల్ స్పీడులో వినే పాడ్‌కాస్టులు, ఎవరిదో చేతిరాత నోట్సు: ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే అసలు ఫైనల్’. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికే చోటు లేదు. “చదివినవా తమ్మీ?” అని అడిగితే “డౌన్‌లోడ్ చేసినన్నా” అంటాడు.

తప్పంతా తమరిదే అనను. మన దేశంలో ఈ శాఖకు ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తింపు వచ్చిందే 2009లో. జనరల్ మెడిసిన్ వాళ్లకున్నట్టు ‘ఇది చదువు, అది వదిలెయ్’ అని చెప్పే తరతరాల సీనియర్లు మాకు లేరు. ఆ ఖాళీ చూసుకునే తమరు దూరారు.

కానీ స్వామీ, తమ కడుపులో ఉన్నదానికీ, మా గేటు ముందు ఆగే 108లో ఉన్నదానికీ పొత్తు కుదరడం లేదు. పాముకాటు తెరిస్తే పేజీలకు పేజీలు అమెరికా పాము ర్యాటిల్‌స్నేకే. ములుగు నుంచి వచ్చినాయనను కరిచింది కట్లపాము. రాత్రి కింద పడుకున్నాడు. కాటు గుర్తు కనపడదు, కరిచినచోట నొప్పి లేదు. తెల్లారి కడుపునొప్పి అంటూ వచ్చాడు, కనురెప్పలు వాలిపోతున్నాయి. రక్తపింజర అయితే ఇంకో కథ. కొత్త గాజు ట్యూబులో, తడి లేనిదాంట్లో 2 మి.లీ. రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో వంచి చూడాలి. మావాడు ప్లాస్టిక్ ట్యూబు పట్టుకొచ్చాడు. “సార్, గాజుది కావాలె, ప్లాస్టిక్‌ల చేస్తే నమ్మలేం” అన్నది సిస్టర్. ఆ ముక్క తమరిలోనూ ఎక్కడో ఉండే ఉంటుంది. కేంద్ర ఆరోగ్య శాఖ వారి పాముకాటు మార్గదర్శకాల్లో అయితే నేరుగా దొరుకుతుంది. అదీ తమ దగ్గరే ఉంది, ‘ఇతరములు’ అనే సబ్ ఫోల్డర్‌లో.

ఇక పత్తి చేలల్లో మందు కొట్టే రోజులు. “మందు తాగిండు సార్” అంటారు, డబ్బా తేరు. పురుగుల మందా, గడ్డి మందా అన్నది తేలితే గానీ దారి తెలియదు. పురుగుల మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకం అయితే విరుగుడు అట్రోపిన్. మన ఇంజెక్షన్ ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మి.గ్రా. మాత్రమే కాబట్టి మొదట మూడు విరవాలి. 5 నిమిషాలకూ ఊపిరితిత్తుల్లో గరగర తగ్గకపోతే ఆరు, ఆ తర్వాత పన్నెండు. ఛాతీ తేటపడాలి, చంక పొడిబారాలి, బీపీ, పల్స్ నిలబడాలి. కనుపాపలు పెద్దవయ్యాయని మధ్యలో చెయ్యి ఆపకూడదు. గడ్డి మందు పారాక్వాట్ అయితే, ఆక్సిజన్ బాగానే ఉన్న మనిషికి అలవాటు కొద్దీ మాస్కు తగిలిస్తే ఊపిరితిత్తులకే చేటు. ఈ రెండూ పక్కపక్క బెడ్ల మీద ఉన్నప్పుడు ఏ వాల్యూమ్ తెరవమంటారు?

గుండె ఆగడం హన్మకొండలోనైనా బోస్టన్‌లోనైనా ఒకటే. ఊపిరి దారి నిలిపే ఎయిర్‌వే, బీపీ పడిపోయే షాక్, ఈసీజీ తమ దగ్గర నేర్చుకోవాల్సిందే. అందుకు ఒక్క పుస్తకం ఉంచండి, ఒక్క ఈసీజీ పుస్తకం ఉంచండి, ఆ మార్గదర్శకాలను ‘ఇతరములు’ నుంచి పైకి తీయండి. డ్యూటీలో చూసిన ఒక్క కేసు గురించి ఆ రాత్రే నాలుగు పేజీలు చదవనివ్వండి. మిగతా బలగాన్ని లాప్‌టాప్‌కు పంపించండి, అక్కడ తోచినంత విశ్రాంతి.

పూర్తిగా డిలీట్ చేయమని మాత్రం చెప్పను. మాకు పరీక్ష పెట్టే కాళోజీ యూనివర్సిటీ ఈ ఊళ్లోనే ఉంది. పేపర్ సెట్ చేసే సార్‌కు ఏ ఏడాదైనా ర్యాటిల్‌స్నేక్ మీద మోజు పుడితే మాకు తమరే దిక్కు.

ఇట్లు,
నైట్ డ్యూటీ రెసిడెంట్